కోలారు నుంచి ఏడుసార్లు: కె.హెచ్. మునియప్ప రాజకీయ జీవితం, ఎన్నికల లెక్కలు



ఎన్నికలు దగ్గర పడితే చాలు, పై తరగతుల పిల్లలు నన్ను ఒక ప్రశ్న అడుగుతుంటారు. "సార్, మునియప్పగారు ఏడుసార్లు గెలిచారు కదా, మరి ఎనిమిదోసారి ఎందుకు ఓడిపోయారు?" ఇళ్లల్లో పెద్దవాళ్లు దీనికి రెండు రకాల జవాబులు చెప్తారు. "ఏడుసార్లు గెలిచిన మనిషి, ఊరికే గెలుస్తాడా?" అని కొందరంటారు. "ఏడుసార్లు గెలిచి మనకేం చేశాడు?" అని ఇంకొందరు. ఈ రెండు మాటల్లోనూ లెక్క లేదు. అందుకే ఆ లెక్కను ఒకచోట పెడదామని ఈ వ్యాసం రాస్తున్నాను. ఇది ఏ పార్టీకీ ఓటు అడగడానికి కాదు. మన బడికి పార్టీ లేదు. రేపు ఓటు వెయ్యబోయే పిల్లలకు ఒక నాయకుడి రికార్డును ఎలా చదవాలో చూపించడమే నా ఉద్దేశం.

ముందు మన నియోజకవర్గం గురించి

రాబర్ట్‌సన్‌పేటలో ఉండే మనం లోక్‌సభకు కోలారు నియోజకవర్గంలో ఓటు వేస్తాం. దీని కింద ఎనిమిది శాసనసభ స్థానాలు ఉన్నాయి: శిడ్లఘట్ట, చింతామణి, శ్రీనివాసపుర, ముళబాగిలు, కె.జి.ఎఫ్., బంగారపేట, కోలారు, మాలూరు. ఇందులో శిడ్లఘట్ట, చింతామణి 2007లో ఏర్పడిన చిక్కబళ్ళాపుర జిల్లాలోకి వెళ్లాయి. జిల్లా మారినా లోక్‌సభ ఓటు మాత్రం మనతోనే ఉంది. అంటే జిల్లా గీతలు వేరు, నియోజకవర్గం గీతలు వేరు. పరీక్షలో ఈ తేడా చాలామంది పిల్లలు తప్పు రాస్తారు.

కోలారు షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు చేసిన స్థానం. దీన్ని కూడా కొందరు తప్పుగా అర్థం చేసుకుంటారు. రిజర్వు అంటే పోటీ చేసే అభ్యర్థి ఆ వర్గానికి చెందినవారై ఉండాలి, అంతే. ఓటు మాత్రం అన్ని కులాలవాళ్లూ, మతాలవాళ్లూ, భాషలవాళ్లూ వేస్తారు. రాజ్యాంగంలోని 330వ అధికరణం ఈ రిజర్వేషన్ ఇస్తుంది. కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ మాట్లాడే ఇళ్లన్నీ కలిస్తేనే ఇక్కడ ఎవరైనా గెలవగలరు. ఒక్క వర్గం ఓట్లతో కోలారు ఎవరికీ దక్కదు.

ఆయనకు ముందు ఎవరు

మొదటి ఎన్నికల్లో కోలారు నుంచి ఇద్దరు సభ్యులు ఎన్నికయ్యేవారు. మన కె.జి.ఎఫ్. పక్కనే ఉన్న క్యాసంబళ్ళిలో పుట్టిన కె.సి. రెడ్డిగారు 1947లో మైసూరు సంస్థానానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. 1957లో కోలారు నుంచి లోక్‌సభకు వెళ్లి కేంద్రంలో మంత్రిగా పనిచేశారు. తర్వాత జి.వై. కృష్ణన్ కాంగ్రెస్ తరఫున చాలాకాలం ఇక్కడి ఎం.పి.గా ఉన్నారు.

"కోలారు కాంగ్రెస్ కోట" అనే మాట అప్పటినుంచీ ఉంది. కానీ ఆ కోటకు కూడా ఒకసారి బీట పడింది. 1984లో దేశమంతా కాంగ్రెస్ గాలి వీస్తుంటే ఇక్కడ జనతా పార్టీ అభ్యర్థి వి. వెంకటేశ్ గెలిచారు. 1989లో కాంగ్రెస్ నుంచి వై. రామకృష్ణ గెలిచారు. ఆ తర్వాత వచ్చిన అభ్యర్థే మునియప్ప.

ఏడు గెలుపులు

కె.హెచ్. మునియప్ప 1948 మార్చి 7న శిడ్లఘట్ట తాలూకా కంబదహళ్ళిలో పుట్టారు. లా చదివి వకీలుగా పనిచేశారు. 1991లో మొదటిసారి కోలారు నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆ తర్వాత వరుసగా ఆరుసార్లు గెలిచారు. ఏడుసార్లూ ఒకే నియోజకవర్గం, ఒకే పార్టీ.

ఒట్టి "ఏడు" అనే అంకె చూస్తే మనకు ఏమీ తెలియదు. అందుకే ప్రతి ఎన్నికలోనూ కర్ణాటకలోని 28 స్థానాల్లో కాంగ్రెస్‌కు ఎన్ని వచ్చాయో పక్కన పెట్టి చూడండి.

1991: పదో లోక్‌సభ. రాష్ట్రంలో కాంగ్రెస్‌కే చాలా ఎక్కువ స్థానాలు వచ్చాయి.
1996: పదకొండో లోక్‌సభ. జనతాదళ్‌కు 16, కాంగ్రెస్‌కు 5 మాత్రమే.
1998: పన్నెండో లోక్‌సభ. కాంగ్రెస్‌కు 9.
1999: పదమూడో లోక్‌సభ. కాంగ్రెస్‌కు 18.
2004: పద్నాలుగో లోక్‌సభ. కాంగ్రెస్‌కు 8.
2009: పదిహేనో లోక్‌సభ. కాంగ్రెస్‌కు 6.
2014: పదహారో లోక్‌సభ. కాంగ్రెస్‌కు 9.

ఇప్పుడు చూడండి. 1991, 1999 సంవత్సరాల్లో గెలవడం పెద్ద వింత కాదు, పార్టీ గాలి బలంగా ఉంది. కానీ 1996లో కర్ణాటకకు చెందిన దేవెగౌడగారు ప్రధాని అయిన ఎన్నికలో, జనతాదళ్ ఊపు మీద ఉన్నప్పుడు, కాంగ్రెస్ నిలబెట్టుకున్న ఐదు స్థానాల్లో కోలారు ఒకటి. 2009లో నిలిచిన ఆరింటిలో కూడా కోలారు ఉంది. కాబట్టి ఈ గెలుపులన్నీ పార్టీ పేరు మీదే వచ్చాయని తేల్చెయ్యడం సరికాదు. అభ్యర్థికీ, ఊరి లెక్కలకూ అందులో భాగం ఉంది.

గణితం మీద ఇష్టం ఉన్న పిల్లలకు ఇంకొక మాట. ఏడు సార్లు ఐదేళ్లు అంటే 35 ఏళ్లు కావాలి. కానీ 1991 నుంచి 2019 వరకు 28 ఏళ్లే. మిగతా ఏడేళ్లు ఏమయ్యాయి? 1996లో, 1998లో ఏర్పడిన లోక్‌సభలు గడువు పూర్తికాకుండానే రద్దయ్యాయి. ఒకటి రెండేళ్లు కూడా నిలవలేదు, ఇంకొకటి ఏడాది దాటి కొద్దికాలమే ఉంది. "ఎన్నిసార్లు గెలిచారు" అనేదీ "ఎన్నేళ్లు ఉన్నారు" అనేదీ ఒకటి కాదు.

పాత ఎన్నికలనూ కొత్తవాటినీ పోల్చేటప్పుడు ఇంకొక జాగ్రత్త కావాలి. 2008లో నియోజకవర్గాల హద్దులు మారాయి. పెద్దలకు గుర్తుండే బేతమంగళ, వేమగల్ శాసనసభ స్థానాలు ఆ మార్పుతో పోయాయి. అందువల్ల ఓట్ల లెక్కల్ని 2009 నుంచి పోల్చి చూడటమే న్యాయం.

మంత్రి పదవులు

2004లో కేంద్రంలో మన్మోహన్ సింగ్ ప్రభుత్వం వచ్చినప్పుడు మునియప్ప షిప్పింగ్, రోడ్డు రవాణా, జాతీయ రహదారుల శాఖలో సహాయమంత్రి అయ్యారు. 2009లో రైల్వే సహాయమంత్రి. 2012 అక్టోబరు నుంచి 2014 మే వరకు సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల శాఖకు స్వతంత్ర హోదాలో సహాయమంత్రిగా ఉన్నారు. అంటే పదేళ్లూ వరుసగా కేంద్ర ప్రభుత్వంలో ఉన్నారన్నమాట.

సహాయమంత్రి అంటే ఏమిటి? శాఖకు పైన ఒక కేబినెట్ మంత్రి ఉంటారు, పెద్ద నిర్ణయాలు ఆయనవి. సహాయమంత్రి ఆయన అప్పగించిన పనులు చూస్తారు. "స్వతంత్ర హోదా" ఉంటే పైన వేరే మంత్రి ఉండరు, శాఖ బాధ్యత అంతా ఆయనదే. ఈ తేడా తెలిస్తే ఏ పనికి ఎవరిని అడగాలో తెలుస్తుంది.

ఇంకొక సంగతి. ఎం.పి.లు సభలో ఎన్ని ప్రశ్నలు అడిగారని పత్రికలు పట్టికలు వేస్తుంటాయి. మంత్రులు ప్రశ్నలు అడగరు, జవాబులు చెప్తారు. కాబట్టి 2004 నుంచి 2014 వరకు ఆయన పేరు ఎదురుగా ప్రశ్నలు లేకపోతే "సభలో నోరు విప్పలేదు" అని అనుకోకూడదు. ఆ పట్టిక మంత్రులకు వర్తించదు.

గెలుపు, ఓటమి: ఓట్ల లెక్క

ఇప్పుడు పిల్లలు అడిగే అసలు ప్రశ్నకు వద్దాం. మూడు ఎన్నికల్లో మునియప్పకు వచ్చిన ఓట్లు ఇవి.

2009: 3,44,771. బి.జె.పి. అభ్యర్థి డి.ఎస్. వీరయ్య మీద 23,006 ఓట్ల మెజారిటీతో గెలుపు.
2014: 4,18,926. జె.డి.ఎస్. అభ్యర్థి కోలారు కేశవ మీద 47,850 ఓట్ల మెజారిటీతో గెలుపు.
2019: 4,99,144. బి.జె.పి. అభ్యర్థి ఎస్. మునిస్వామి చేతిలో 2,10,021 ఓట్ల తేడాతో ఓటమి.

ఒక్కసారి ఆగి ఆ అంకెల్ని మళ్లీ చదవండి. ఆయనకు పడిన ఓట్లు ప్రతిసారీ పెరిగాయి. ఓడిపోయిన 2019లో, గెలిచిన 2014 కన్నా 80,218 ఓట్లు ఎక్కువ వచ్చాయి. అయినా ఓడిపోయారు. ఎట్లా?

2014లో పోటీ ముగ్గురి మధ్య జరిగింది. జె.డి.ఎస్.కు 3,71,076, బి.జె.పి.కి సుమారు 2 లక్షల 67 వేలు వచ్చాయి. ఈ రెండూ కలిపితే 6 లక్షల 38 వేలు దాటుతుంది. అంటే ఆయనకు వ్యతిరేకంగా పడిన ఓట్లే చాలా ఎక్కువ. కానీ అవి రెండు చోట్లకు చీలిపోయాయి. మన ఎన్నికల పద్ధతిలో సగానికి పైగా ఓట్లు రానక్కర్లేదు, అందరికన్నా ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు.

2019లో కాంగ్రెస్, జె.డి.ఎస్. పొత్తు పెట్టుకున్నాయి. కాగితం మీద చూస్తే ఇద్దరి ఓట్లూ కలిసి మునియప్పకు పడాలి. పడలేదు. పోటీ ముఖాముఖి అయింది, ఆయనకు వ్యతిరేకంగా ఉన్న ఓట్లు ఒకే చోటికి చేరాయి. మునిస్వామికి 7,09,165 ఓట్లు వచ్చాయి. సొంత పార్టీలోని కొందరు స్థానిక నాయకులే మునియప్పకు ఎదురు తిరిగారని అప్పటి పత్రికలన్నీ రాశాయి. దానికి తోడు రాష్ట్రమంతా ఆ ఏడు బి.జె.పి. గాలి వీచింది. 28లో 25 స్థానాలు ఆ పార్టీకే దక్కాయి. తుమకూరులో దేవెగౌడ, కలబురగిలో మల్లికార్జున ఖర్గే, పక్కనే చిక్కబళ్ళాపురలో వీరప్ప మొయిలీ కూడా ఓడిపోయారు. కాబట్టి కోలారు ఓటమి ఒక్క మనిషి ఓటమి మాత్రమే కాదు. అయితే రెండు లక్షలకు పైగా తేడాను గాలి ఒక్కటే తెచ్చిందని కూడా అనలేం.

పొత్తు అంటే కూడిక లెక్క కాదు. పై నాయకులు చేతులు కలిపినంత మాత్రాన కింద ఓటర్లు కలవరు. ఈ ఎన్నిక నుంచి పిల్లలు నేర్చుకోవాల్సిన పాఠం ఇదే.

2019 తర్వాత

2023లో మునియప్ప మొదటిసారి కర్ణాటక శాసనసభకు గెలిచారు. కోలారు నుంచి కాదు, బెంగళూరు గ్రామీణ జిల్లాలోని దేవనహళ్ళి నుంచి. మెజారిటీ 5 వేల లోపే. అదే మే 20న ముఖ్యమంత్రి సిద్ధరామయ్యతో పాటు ప్రమాణం చేసిన ఎనిమిది మంది మంత్రుల్లో ఆయన ఒకరు. ఆహార, పౌరసరఫరాల శాఖ ఇచ్చారు. రేషన్ కార్డు ఉన్న తల్లిదండ్రులకు గుర్తుండే ఉంటుంది: 'అన్నభాగ్య' కింద అదనపు ఐదు కిలోల బియ్యం దొరకనప్పుడు, 2023 జులై నుంచి మనిషికి 170 రూపాయల చొప్పున ఖాతాలో వేశారు. ఆ డబ్బు పంచింది ఈ శాఖే.

మన కె.జి.ఎఫ్. ఎమ్మెల్యే ఎం. రూపకళ ఆయన కూతురు. 2018లో 40 వేలకు పైగా, 2023లో 50 వేలకు పైగా మెజారిటీతో ఆమె గెలిచారు. 2019లో లోక్‌సభకు తండ్రి ఓడిపోయారు, దానికి ముందూ వెనకా శాసనసభకు కూతురు గెలిచారు. లోక్‌సభకు ఒక రకంగా, శాసనసభకు ఇంకొక రకంగా ఓటు వేసేవాళ్లు ఉంటారనడానికి ఇదొక ఉదాహరణ.

2024 లోక్‌సభ ఎన్నికల్లో కోలారు టికెట్ కోసం కాంగ్రెస్‌లో రెండు వర్గాలు పట్టుబట్టాయి. చివరికి కె.వి. గౌతమ్‌ను నిలబెట్టారు. ఈసారి జె.డి.ఎస్., బి.జె.పి. పొత్తులో ఉన్నాయి. జె.డి.ఎస్. అభ్యర్థి ఎం. మల్లేశ్ బాబు 6,91,481 ఓట్లతో గెలిచారు. గౌతమ్‌కు 6,20,093 వచ్చాయి. తేడా 71,388. ఆ రకంగా కోలారు లోక్‌సభ స్థానం వరుసగా రెండోసారి కాంగ్రెస్‌కు దక్కలేదు.

మన ఊరికి ఏం జరిగింది

ఇది కష్టమైన భాగం. చాలా ఇళ్లల్లో ఇది ఇంకా మానని గాయం.

మన గనులు 1956లో మైసూరు రాష్ట్ర ప్రభుత్వం చేతికి, 1962లో కేంద్రం చేతికి వెళ్లాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ కంపెనీ ఏర్పడింది. 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. అప్పుడు మన ఎం.పి. మునియప్పే. అయితే అప్పుడు కేంద్రంలో ఉన్నది వాజ్‌పేయి ప్రభుత్వం, ఆయన ప్రతిపక్షంలో ఉన్నారు. మూసివేత నిర్ణయం ఆయనది కాదు. మరోవైపు, 2004 నుంచి పదేళ్లు ఆయన పార్టీ ప్రభుత్వమే ఉంది, ఆయన మంత్రిగా ఉన్నారు. ఆ పదేళ్లలోనూ గనులు తెరుచుకోలేదు. ఈ రెండు వాస్తవాల్లో ఒకటి చెప్పి ఒకటి దాచేవాళ్లు సగం మాటే చెప్తున్నట్టు. మీరు రెండూ గుర్తుపెట్టుకోండి.

రైళ్ల సంగతీ ఇట్లాగే ఉంటుంది. మారికుప్పం నుంచి తెల్లవారకముందే బెంగళూరుకు రైలెక్కి, చీకటి పడ్డాక ఇంటికొచ్చే నాన్నలు, అమ్మలు మన బడి పిల్లల ఇళ్లల్లో ఎంతమందో ఉన్నారు. గనులు పోయాక ఈ ఊరికి ఆ రైళ్లే ఆధారం. కోలారు, చిక్కబళ్ళాపుర మధ్య పాత చిన్న లైను బ్రాడ్‌గేజ్‌గా మారి 2013లో మళ్లీ రైళ్లు తిరిగాయి. అది జరిగిన పని. 2012-13 రైల్వే బడ్జెట్‌లో రాష్ట్ర ప్రభుత్వం భాగస్వామ్యంతో కోలారులో కోచ్ ఫ్యాక్టరీ పెడతామని ప్రకటించారు. ఆ ఫ్యాక్టరీ నుంచి ఒక్క కోచ్ కూడా బయటికి రాలేదు. అది జరగని పని. ఆంధ్రలో బంధువులున్న మనకు ఎంతో పనికొచ్చే మారికుప్పం-కుప్పం కొత్త లైను మంజూరైంది, కానీ పనులు ఏళ్ల తరబడి సాగుతూ వచ్చాయి. ప్రకటన, మంజూరు, శంకుస్థాపన, రైలు నడవడం, ఇవి నాలుగు వేరువేరు మెట్లు. ఎవరైనా "తెచ్చాను" అంటే ఏ మెట్టు దాకా తెచ్చారో అడగండి.

ఎవరిని ఏం అడగాలి

కొళాయిలో నీళ్లు రాకపోతే, వీధి దీపం వెలగకపోతే నగరసభను అడగాలి. బడి, ఆసుపత్రి, రేషన్ విషయాలు రాష్ట్ర ప్రభుత్వానివి, ఎమ్మెల్యేను అడగాలి. రైల్వే, గనుల భూములు, బెమెల్, జాతీయ రహదారులు కేంద్రానివి, వీటి గురించి ఎం.పి. లోక్‌సభలో అడగాలి. ఇది కాక ఎం.పి. సూచించిన చిన్న పనులకు ఏటా 5 కోట్ల రూపాయల నిధి ఉంటుంది. ఈ పథకం 1993లో మొదలైంది. ఆ డబ్బు ఎం.పి. చేతికి రాదు, జిల్లా అధికారుల ద్వారానే ఖర్చవుతుంది.

మన బడికి సంబంధించిన ఒక సంగతి కూడా ఎం.పి. పరిధిలో ఉంది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా చూడాలని 350-ఎ అధికరణం చెప్తుంది. 350-బి కింద భాషా అల్పసంఖ్యాకుల కోసం ఒక ప్రత్యేక అధికారి ఉంటారు. ఆయన నివేదికను పార్లమెంటు ముందు పెట్టాలి. అంటే కోలారు జిల్లాలో తెలుగు బడుల స్థితి గురించి మన ఎం.పి. సభలో అడగడానికి దారి ఉంది. ఓటు అడగడానికి వచ్చే అభ్యర్థిని, ఏ పార్టీ అయినా సరే, తల్లిదండ్రులు ఈ ఒక్క ప్రశ్న అడగండి: "మా పిల్లల బడి గురించి లోక్‌సభలో అడుగుతారా?"

చివరగా

కాబట్టి పిల్లలూ, "ఏడుసార్లు గెలిచాడు" అని ఎవరైనా అంటే, ఎంతమంది పోటీలో, ఎంత తేడాతో, ఏ గాలిలో అని అడగండి. "ఏమీ చెయ్యలేదు" అంటే, ఏ పని, అది ఎవరి చేతిలో ఉంది, ఏ మెట్టు దాకా వచ్చింది అని అడగండి. ఈ ప్రశ్నలు మునియప్పగారికే కాదు, ఆయన తర్వాత గెలిచిన ఇద్దరికీ, రేపు గెలవబోయేవాళ్లకూ వర్తిస్తాయి.

17 ఏళ్లు నిండినవాళ్లు ఓటరు నమోదుకు ముందుగానే ఫారం 6 ఇవ్వొచ్చు. 18 నిండాక పేరు జాబితాలో చేరుతుంది. ఇందుకు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల ఒకటో తేదీలను లెక్కలోకి తీసుకుంటారు. మన బడిలో చదివి వెళ్లిన పిల్లలు మీ ఇంట్లో, మీ వీధిలో ఉంటే ఈ మాట వాళ్లకు చెప్పండి. ఫారం నింపడంలో సందేహం ఉంటే బడి పనివేళల్లో రండి, కూర్చుని నింపుదాం.

మీ ప్రధానోపాధ్యాయుడు